లైన్ ఆగకుండా ఫైబర్ మార్చడం ఎలా? రోడ్డు వెడల్పు పనిలో 24 ఫైబర్ల కేబుల్ జరపాలి, సలహా కావాలి

కోనసీమ_నెట్ · మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కోనసీమలో మాది చిన్న ఇంటర్నెట్ కంపెనీ (ఐఎస్‌పీ), దాదాపు 900 కనెక్షన్లు. మా మెయిన్ కేబుల్ ఉన్న రోడ్డును వెడల్పు చేస్తున్నారు. కాంట్రాక్టరు సున్నంతో గీతలు కూడా గీసేశాడు. చేతిలో 15 రోజులున్నాయి. 1.2 కి.మీ. మేర పాత కేబుల్ వదిలేసి, కాలువ గట్టు మీదుగా కొత్తది వేయాలి. ఆ దారిన 1.6 కి.మీ. వస్తోంది.

కేబుల్ 24 ఫైబర్లది. 4 ట్యూబులు, ట్యూబుకి 6. మొదటి రెండు ట్యూబుల్లో 11 ఫైబర్లు నడుస్తున్నాయి. వాటిలో 2 మా అప్‌లింక్ (బయటి ఇంటర్నెట్‌కి కలిపే లైను; రెండు దారుల రింగులో ఇది ఒక వైపు), 6 పాన్ ఫీడర్లు (ఒక్కొక్కటి చీలి చాలా ఇళ్లకు పంచేవి), 2 ఒక బ్యాంకుకి లీజుకిచ్చినవి, ఒకటి ప్రసూతి ఆసుపత్రికి నేరుగా వెళ్లేది.

రెండేళ్ల కిందట ఇలాంటి పనే రాత్రి ఒంటిగంటకు మొదలుపెట్టాం. కేబుల్ మొత్తం కోసేసి, రెండు చివర్లా 48 జాయింట్లు తెల్లారేలోపు అయిపోతాయనుకున్నాం. వాన పడింది, స్ప్లైసింగ్ మిషన్ బ్యాటరీ దిగిపోయింది. 4 గంటలు అనుకున్న పని 9 గంటలు పట్టింది. ఆ రాత్రి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు స్కాన్ రిపోర్టును ఫోన్‌లో ఫొటో తీసి పెద్ద డాక్టరుకి పంపారట. ఆ డ్యూటీ డాక్టరు గారు ఆ సంగతి నాతో చెప్పినప్పుడు కోప్పడలేదు. కోప్పడి ఉంటే నయమనిపించింది.

ఈసారి అలా జరగకూడదు. లైన్ అసలు ఆగకుండా మార్చే పద్ధతి ఏదైనా ఉందా?

---

పాత_జాయింటర్ · మంగళవారం, రాత్రి 10:15

నాయనా, నేను టెలిఫోన్ శాఖలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ముందు ఒక్క మాట. కేబుల్ మొత్తం ఒకేసారి కోయవద్దు. ఆ అలవాటు రాగి తీగల రోజుల్లోనూ మంచిది కాదు.

ఫైబర్‌కి ఫైబర్ మార్చు. కొత్త కేబుల్ ముందే వేసి, దాని రెండు చివర్లా ఫైబర్లు ఒలిచి, తుడిచి, ట్రేలో వరసగా పెట్టుకో. రెండు చోట్లా రెండు మిషన్లు, ఇద్దరు మనుషులు, మధ్యలో ఫోన్. ఒక నంబరు చెప్పుకుని ఇద్దరూ ఒకేసారి కోసి, క్లీవ్ చేసి (కొసను నున్నగా విరిచి), కలపాలి. చెయ్యి తిరిగినవాడికి ఒక ఫైబర్‌కి రెండు నిమిషాలు చాలు. జాయింటు మీది స్లీవ్‌ని (రక్షణ గొట్టాన్ని) హీటర్‌లో పెట్టేలోపే అవతల లైటు వచ్చేస్తుంది. అలా చేస్తే ఎవరి లైనూ రెండు మూడు నిమిషాలకు మించి ఆగదు.

---

రాత్రిషిఫ్టు · మంగళవారం, రాత్రి 10:52

హైదరాబాద్‌లో ఒక నెట్‌వర్క్ కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తున్నాను. పాత జాయింటర్ గారూ, మీ అనుభవం ముందు నాదెంత! అయినా ఒక తేడా చెప్పాలి. రెండు నిమిషాలు ఆగినా ఆగినట్టే. ఆయన అడిగింది ఆగకుండా మార్చడం గురించి.

కోనసీమ గారూ, మీ 11 ఫైబర్లకూ ఒకే మందు పనిచేయదు. రింగులో ఉన్న అప్‌లింక్ సులువు. జాయింటు పెట్టడానికి గంట ముందే ట్రాఫిక్‌ని రెండో వైపుకి ఫోర్స్‌డ్ స్విచ్ చేయండి. ఫైబర్ కోస్తే రింగు దానంతటదే మారుతుందిలే అని వదిలేయొద్దు. అలా మారినప్పుడు ప్రమాణాల ప్రకారం 50 మిల్లీ సెకన్ల లోపు సర్దుకోవాలి. ఫోన్ మాట్లాడేవాళ్లకి అది తెలియదు గానీ, 10 గిగాబిట్ లైనులో ఆ 50 మిల్లీ సెకన్లలో 50 కోట్ల బిట్లు పోతాయి. ముందే మన చేత్తో మారిస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

ఇంకో మాట, ఇది నా సొంత అనుభవం. నేను పనిచేసిన ఒక కంపెనీలో రింగు ఉంది కదా అన్న ధీమాతో పగలే కేబుల్ కోయించారు. ట్రాఫిక్ రెండో వైపుకి మారింది. కానీ ఆ వైపు రిసీవ్ పవర్ (అందే వెలుగు బలం) అప్పటికే కనీస హద్దు అంచులో ఉంది. లింక్ లైటు పచ్చగానే ఉంది, లోపల మాత్రం ప్యాకెట్లు చెడిపోతున్నాయి. లింక్ పడిపోలేదు కాబట్టి అలారం కూడా రాలేదు. మూడు జిల్లాల్లో కస్టమర్లు ఫోన్ చేస్తే గానీ మాకు తెలియలేదు. స్క్రీన్ మీద అన్నీ పచ్చగా ఉంటే ఫిర్యాదులు ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థంకాక కూర్చున్న ఆ ముప్పావు గంట నేను మరిచిపోలేను.

అందుకే పని రోజుకి రెండు రోజుల ముందే ఒకసారి రెండో వైపుకి మార్చి, సాయంత్రం రద్దీ మొత్తం దాని మీద నడిపి, ఎర్రర్ కౌంటర్ చూడండి. ఇంకొకటి: రింగు రెండు వైపులూ ఒకే గుంతలో, ఒకే కల్వర్టు కింద లేవు కదా?

---

కోనసీమ_నెట్ · మంగళవారం, రాత్రి 11:20

అక్కా, మీ చివరి ప్రశ్న చదివి మ్యాపు తీశాను. ఒక చోట 60 మీటర్లు రెండూ కలిసే ఉన్నాయి, పాత వంతెన దగ్గర. ఆ ముక్క ఇప్పుడు మార్చే 1.2 కి.మీ. లోనే ఉంది. కాలువ గట్టు దారి వల్ల అవి విడిపోతాయి. ఇంతవరకు ఇది మా ఎవరి కంటా పడలేదు.

---

వరంగల్_స్ప్లైసర్ · బుధవారం, ఉదయం 6:30

అన్నా, మీరు మొదట్లో రాసిన ఒక్క లైను నాకు బాగా నచ్చింది. నడిచేవి మొదటి రెండు ట్యూబుల్లోనే ఉన్నాయన్నారు. అంటే మూడు, నాలుగు ట్యూబులు మొత్తం ఖాళీ. మీ పని సగం సులువైనట్టే.

నడిచే ట్యూబుల్ని ముట్టుకోవద్దు. రెండు చివర్లా పైతొడుగు నిలువుగా చీల్చి, మూడు, నాలుగు ట్యూబుల్ని మాత్రమే కోయండి. ఆ 12 ఖాళీ ఫైబర్లను కొత్త కేబుల్‌కి జాయింట్ చేయండి. పగటిపూట, నీడలో, తొందర లేకుండా చేయొచ్చు, ఎందుకంటే వాటిలో ఎవరి లైనూ లేదు. ఇప్పుడు మీ చేతిలో కాలువ గట్టు మీదుగా పోయే 12 పూర్తి దారులుంటాయి. ఆ తర్వాత నడిచేవాటిని ఒక్కొక్కటిగా ఆఫీసులో ప్యాచ్ కార్డు (రెండు చివర్లా ప్లగ్ ఉన్న పొట్టి ఫైబర్) మార్చి వాటి మీదికి తెచ్చుకోవచ్చు. రాత్రి రోడ్డు మీద కూర్చునే పనే లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. తొడుగు చీల్చాక ట్యూబులన్నీ ఒకదానికొకటి మెలితిరిగి ఉంటాయి. ఖాళీ ట్యూబును బయటికి లాగితే పక్కనున్న నడిచే ట్యూబు కూడా వంగుతది. వంపు 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే తగ్గితే కాంతి బయటికి కారిపోతది. 1310 కంటే 1550 నానోమీటర్ల వెలుగుకి వంపు దెబ్బ ఎక్కువ. ముందు మెలి విప్పి, నడిచే ట్యూబుల్ని మెత్తటి గుడ్డలో చుట్టి పక్కకు కట్టి, అప్పుడు కత్తి పట్టాలి.

రెండోది, రంగులు. ఒకసారి రాత్రి సోడియం వీధిలైటు కింద ట్యూబు తెరిచాను. నీలం, ఆకుపచ్చ, గోధుమ మూడూ నల్లగానే కనపడ్డయి. జెల్లీ తుడవకుండానే ఆకుపచ్చ అనుకుని గోధుమ రంగుది కోశాను. అటువైపు ఒక ఊరి టవర్ పోయింది. ఆనాటి నుంచి నా సంచిలో తెల్ల హెడ్‌లైటు, ఫైబర్ ఐడెంటిఫయర్ రెండూ లేకుండా బయలుదేరను. ఆ పరికరం ఫైబర్‌ను కొద్దిగా వంచి లోపల వెలుగు ఉందో లేదో, ఎటువైపు పోతుందో చెప్తది. అది "చీకటి" అని చూపిస్తేనే కత్తెర.

క్లీవ్ చేసినప్పుడు పడే ముక్కలకు డబ్బా పెట్టుకోండి. వెంట్రుక లాంటి 125 మైక్రాన్ల గాజు ముక్క వేలిలో దిగితే కనపడదు, తీయడం కుదరదు.

---

పాత_జాయింటర్ · బుధవారం, ఉదయం 7:05

వరంగల్ తమ్ముడు చెప్పింది నా పద్ధతి కంటే మేలు. ఖాళీ ట్యూబు సంగతి నేను గమనించలేదు. కోనసీమా, అతను చెప్పినట్టే చెయ్యి. ఒకటే గుర్తుంచుకో: ఖాళీ ఫైబర్ అంటే మంచి ఫైబర్ అని కాదు. ఏళ్ల తరబడి ఎవరూ చూడనివి. మధ్య జాయింట్లలో కొన్నిటిని కలపకుండా ట్రేలో వదిలేసి ఉంటారు. ముందు 12కి 12 ఓటీడీఆర్ (వెలుగు పంపి ఫైబర్ ఎక్కడ తెగిందో చూపే మిషన్) పెట్టి చూడు. వెలుగుతున్న ఫైబర్ మీద మాత్రం మామూలు ఓటీడీఆర్ పెట్టకు. లైనూ చెడుతుంది, మిషనూ చెడుతుంది. దానికి 1650 నానోమీటర్లది, ఫిల్టర్ ఉన్నది వేరే ఉంటుంది.

---

విశాఖ_ఓఎల్‌టీ · బుధవారం, మధ్యాహ్నం 1:10

పాన్ ఫీడర్ల గురించి ఎవరూ రాయలేదు. నిజమైన చిక్కు అక్కడే ఉంది.

కొత్త దారి 400 మీటర్లు ఎక్కువ. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకి సుమారు 4.9 మైక్రో సెకన్లు పడుతుంది. అంటే ఒకవైపుకి దాదాపు 2 మైక్రో సెకన్ల ఆలస్యం పెరుగుతుంది. మనిషికి అది లెక్కలోకి రాదు. జీపాన్ అనే పాన్ రకంలో అప్‌స్ట్రీమ్ (ఇళ్ల నుంచి మనవైపు) సెకనుకి 1.244 గిగాబిట్లు కాబట్టి, ఆ 2 మైక్రో సెకన్లు సుమారు 2,400 బిట్లతో సమానం. ఒక ఫీడర్ కింద ఉన్న ఇళ్ల డబ్బాలన్నీ (మోడెమ్‌లు) ఒకే ఫైబర్‌లో వంతులవారీగా మాట్లాడతాయి. ఎవరి వంతు ఎప్పుడో ఆఫీసులోని ఓఎల్‌టీ (ఆ డబ్బాలన్నిటినీ నడిపే మిషన్) ప్రతి ఇంటి దూరం కొలిచి నిర్ణయిస్తుంది. దీన్నే రేంజింగ్ అంటారు. ఫీడర్ పొడవు మారితే పాత లెక్కలన్నీ తప్పు. మీరు కళ్లు మూసి తెరిచేలోపు ప్లగ్ మార్చినా, ప్రతి డబ్బా మళ్లీ రిజిస్టర్ కావాల్సిందే. మా దగ్గర అది 15 నుంచి 40 సెకన్లు పడుతోంది.

కాబట్టి పాన్‌లో సున్నా అంతరాయం మన సామాన్లతో రాదు. కానీ కస్టమర్ సెషన్ తెగకుండా చూడొచ్చు. మా బ్రాస్‌లో (కస్టమర్ల లాగిన్లు చూసే మిషన్) పీపీపీఓఈ కీప్‌అలైవ్ (లైను బతికుందా అని అడిగే సందేశం) 30 సెకన్లకోసారి, వరసగా మూడు పోతేనే సెషన్ తెంపుతుంది. డబ్బా రీస్టార్ట్ కాకుండా నిమిషంలోపు లైను తిరిగొస్తే వీడియో కాసేపు ఆగి చక్రం తిరుగుతుంది, అంతే. మీ దగ్గర ఆ విలువ 5 సెకన్లుంటే ఆ రాత్రికి పెంచండి. లేకపోతే వందలమంది ఒకేసారి మళ్లీ లాగిన్ అవుతారు, పాస్‌వర్డ్లు సరిచూసే రేడియస్ సర్వర్ మీద పడతారు, అది వేరే తలనొప్పి.

ఆరు ఫీడర్లూ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి, దాని కింద డబ్బాలన్నీ వచ్చాయని లెక్క చూసుకుని, అప్పుడు రెండోది. అవతల పెట్టెలో స్ప్లిట్టర్ (వెలుగును ఇళ్లకు చీల్చేది) ఇన్‌పుట్ కనెక్టర్‌తో ఉందా, లేక జాయింట్ చేసి ఉందా?

---

కోనసీమ_నెట్ · బుధవారం, మధ్యాహ్నం 2:00

ఐదింటికి కనెక్టర్ ఉంది. ఒకదానికి నేరుగా జాయింట్ చేసేశారు.

ఒక సందేహం. మా దగ్గర 1:2 కప్లర్లు (ఒక వెలుగును రెండుగా చీల్చేవి, రెండింటిని ఒకటిగా కలిపేవి) ఉన్నాయి. రెండు చివర్లా కప్లర్ పెట్టి, పాత దారి, కొత్త దారి రెండింట్లోనూ ఒకేసారి వెలుగు పంపి, తర్వాత పాతది కోస్తే ఆగదు కదా?

---

తెలుగు_యోకోహామా · బుధవారం, సాయంత్రం 5:45

మీ సందేహం చిన్నది కాదు. జపాన్‌లో ఎన్‌టీటీ అనే టెలిఫోన్ కంపెనీ పరిశోధకులు సరిగ్గా దీని మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడ కూడా కారణం మనలాంటిదే: రోడ్డు పనులు, కేబుల్ జరపాల్సి రావడం. ఇంటింటికీ ఫైబర్ పోయాక, ప్రతిసారీ కస్టమర్‌కి చెప్పి అర్ధరాత్రి లైను ఆపడం భారమైపోయింది.

మీరు చెప్పినట్టు కప్లర్లు పెడితే ఏమవుతుందో చూద్దాం. జీపాన్ డౌన్‌స్ట్రీమ్ సెకనుకి దాదాపు 2.5 గిగాబిట్లు. అంటే ఒక్కో బిట్ 0.4 నానో సెకన్లు. ఫైబర్‌లో ఆ బిట్ పొడవు 8 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. మీ రెండు దారుల మధ్య తేడా 400 మీటర్లు. అవతల కప్లర్ దగ్గర ఒకే సందేశం రెండుసార్లు, ఒకదాని మీద ఒకటి పడుతుంది. ఇద్దరు ఒకే పద్యాన్ని ముందూ వెనకా మొదలుపెట్టి చదివితే వినేవాడికి ఏమీ అర్థం కానట్టు, డబ్బాకి ఏదీ అర్థం కాదు. రెండు దారులూ ఒకేసారి వెలిగించగానే లైను పడిపోతుంది. పైగా ఒక్కో కప్లర్‌కి 3 డీబీకి పైగా, అంటే సగానికి పైగా వెలుగు నష్టం, రెండు కలిసి 7 దాకా. మీ పాన్ బడ్జెట్ (భరించగల వెలుగు నష్టం) మొత్తం 28 డీబీ అనుకుంటే అది పెద్ద కోత.

2009 ప్రాంతంలో వాళ్లు చూపించిన పద్ధతి ఏమిటంటే, రెండు దారుల పొడవు తేడాను ముందు పరీక్షా కాంతితో అతి సూక్ష్మంగా కొలుస్తారు. తర్వాత కాంతిని ఫైబర్‌లోంచి ఒకచోట గాలిలోకి తీసి, అద్దాల మధ్య పంపి మళ్లీ ఫైబర్‌లోకి ఎక్కిస్తారు. అద్దాలను జరుపుతూ గాలి దారిని పెంచుతూ, తగ్గిస్తూ రెండు దారులూ బిట్‌కి బిట్ కలిసేలా సరిచేస్తారు. అప్పుడు మాత్రమే రెండూ ఒకేసారి వెలుగుతాయి, అప్పుడు పాతది తీసేస్తారు. ఒక్క ఫ్రేము కూడా పోకుండా మార్చి చూపించారు. చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. వీధిలో కేబుల్ మారుతుంటే ఇంట్లో ఫోన్ మాట్లాడేవాళ్లకి ఏమీ తెలియకూడదని అంత శ్రమ పడ్డారు.

ఆ పరికరం మనకి దొరికేది కాదు. అయితే అదే ఆలోచన వేరే రూపంలో మీకు పనికొస్తుంది. రెండు దారుల సందేశాన్ని కాంతి దగ్గర కలపొద్దు, స్విచ్చులో ప్యాకెట్ల దగ్గర కలపండి. టీవీ స్టూడియోల్లో లైవ్ మ్యాచ్ ఫీడ్‌ని ఎస్‌ఎమ్‌పీటీఈ 2022-7 పద్ధతిలో రెండు దారుల్లోనూ పంపుతారు. రిసీవర్ కాస్త బఫర్ పెట్టుకుని, ఏ దారిలో ప్యాకెట్ పోయినా రెండోదాన్నుంచి తీసుకుంటుంది. మీకు అంత కూడా అక్కర్లేదు. ఆసుపత్రి లైనుకి రెండు చివర్లా స్విచ్‌లుంటే ఎల్‌ఏసీపీ (రెండు లింకుల్ని ఒక్కటిగా వాడే ఏర్పాటు) చాలు.

---

రాత్రిషిఫ్టు · బుధవారం, సాయంత్రం 6:20

అవును, ఆసుపత్రికి అదే సరైనది. రెండు స్విచ్‌లలోనూ రెండో ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ ప్లగ్ చేసే చిన్న మాడ్యూల్) పెట్టండి. కొత్త దారి ఫైబర్‌ను దానికి కలపండి. కొత్త లింకు లేచి, ఒక రోజంతా ఎర్రర్లు లేకుండా నిలబడ్డాక, పాతదాన్ని కాన్ఫిగరేషన్‌లో మెల్లగా బయటికి తీయండి. కేబుల్ పీకి మాత్రం తీయకండి. ఎల్‌ఏసీపీ ఇప్పటివరకు లేకపోతే, దాన్ని పెట్టేటప్పుడే ఒకసారి లింకు పడుతుంది. ఆ కొన్ని సెకన్లు ఆసుపత్రి వాళ్లని అడిగి, వాళ్లు సరే అన్న సమయంలోనే.

---

అనంత_స్కాన్ · బుధవారం, రాత్రి 8:30

నేను టెక్నికల్ మనిషిని కాదు. మాది స్కాన్ సెంటర్. ఫిల్ములు చూసే డాక్టరు గారు వేరే ఊళ్లో ఉంటారు. కస్టమర్‌గా ఒక మాట చెప్పాలని రాస్తున్నాను.

"ఈ రాత్రి 2 నుంచి 5 మధ్య ఎప్పుడైనా ఆగొచ్చు" అని మెసేజ్ వస్తే మాకు ఆ మూడు గంటలూ టెన్షనే. తలకి దెబ్బ తగిలిన మనిషి ఎప్పుడొస్తాడో మాకు తెలియదు. అదే "2:10కి ఒక నిమిషం ఆగుతుంది, మార్చే ముందు మీకు ఫోన్ చేస్తాం, మీరు సరే అంటేనే మారుస్తాం" అంటే మాకు చాలా తేడా. ఒకసారి ఒక లైన్‌మన్ అలా ఫోన్ చేశాడు. అప్పుడే ఒక కేసు ఫైల్ పోతోంది. ఆగమన్నాను. 12 నిమిషాలు రోడ్డు మీద ఆగాడు. అతని పేరు కూడా నాకు తెలియదు, ఇప్పటికీ గుర్తొస్తాడు.

---

కోనసీమ_నెట్ · బుధవారం, రాత్రి 9:15

ఇది చదివాక మా ప్లాన్‌లో ఒకటి మార్చాను. ప్రతి ఫీడర్ మార్చేముందు ఆ ఫీడర్ కింద ఉన్న ఆసుపత్రులు, మందుల షాపులకు మావాడే ఫోన్ చేస్తాడు. జాబితా రాస్తే 14 వచ్చాయి. ఇన్నాళ్లూ మా దగ్గర అలాంటి జాబితాయే లేదు.

పని అయ్యాక వచ్చి రాస్తాను.

---

కోనసీమ_నెట్ · 11 రోజుల తర్వాత, ఆదివారం, ఉదయం 11:00

మాట ఇచ్చినట్టు రాస్తున్నాను.

ఖాళీగా ఉన్న 12 ఫైబర్లలో ఒకటి మధ్య జాయింటులో విరిగి ఉంది. 11 మిగిలాయి, మాకు కావాల్సినవి 9 (అప్‌లింక్ రెండూ రింగు రెండో వైపుకి మారతాయి కాబట్టి). తొడుగు చీల్చి మూడు, నాలుగు ట్యూబుల్ని కొత్త కేబుల్‌కి కలపడం పగలే చేశాం. రెండు చివర్లకీ కలిపి రెండు రోజులు పట్టింది. ఎక్కువ జాయింట్లు 0.05 డీబీ లోపే వచ్చాయి. రెండో చివర పని జరుగుతుంటే బ్యాంకు వాళ్ల లింకు ఒకసారి పడి లేచింది. వరంగల్ అన్న చెప్పిన వంపే. గుడ్డలో చుట్టాం గానీ కట్టడం మరిచిపోయాం, ట్యూబు జారింది. వాళ్లకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

అప్‌లింక్‌ను ముందురోజే రెండో వైపుకి మార్చి సాయంత్రమంతా చూశాం. ఎర్రర్లు లేవు. ఆసుపత్రికి ఎల్‌ఏసీపీ పెట్టేటప్పుడు లింకు 6 సెకన్లు పడిపోయింది, ఆ డాక్టరు గారు సరే అన్నాకే చేశాం. పాత లింకు తీసేటప్పుడు నేను ఆసుపత్రి రిసెప్షన్‌లో ల్యాప్‌టాప్‌తో పింగ్ (లైను బతికుందా అని ఆగకుండా అడిగే పరీక్ష) పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కటీ పోలేదు. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ మనవడికి వీడియో కాల్‌లో పసిబిడ్డను చూపిస్తోంది. వైఫై కూడా అదే లైను మీదే. ఆవిడ మాట్లాడుతూనే ఉంది.

పాన్ ఫీడర్లలో నాలుగు నిమిషం లోపు తిరిగొచ్చాయి, సెషన్లు తెగలేదు. ఐదోదానికి కనెక్టర్ మీద దుమ్ము. తుడిచి పెట్టేసరికి 3 నిమిషాలు. నేరుగా జాయింట్ చేసిన ఆరోదానికి 4 నిమిషాలు పట్టింది. ఈసారి దానికీ కనెక్టర్ వేశాం. బ్యాంకు వాళ్ల రెండు ఫైబర్లూ వాళ్ల ఇంజినీరు వచ్చి కూర్చుంటే ఆయన ముందే మార్చాం.

తర్వాత ఖాళీ అయిన మొదటి రెండు ట్యూబుల్ని కూడా కోసి కొత్త కేబుల్‌కి కలిపేశాం. నిన్న మధ్యాహ్నం జేసీబీ వచ్చి పాత కేబుల్‌ను పీకేసింది. ఆపరేటర్ భయపడి నాకు ఫోన్ చేశాడు, "సార్, మీ వైరు తెగింది" అని. పర్వాలేదు, అందులో ఏమీ లేదని చెప్పాను.

---

పాత_జాయింటర్ · ఆదివారం, మధ్యాహ్నం 12:20

బాగా చేశావు నాయనా. గట్టు మీద రూట్ మార్కర్లు పాతించావా? రేపు కాలువ పూడిక తీయడానికి వచ్చేవాడికి కింద కేబుల్ ఉందని తెలియాలి. "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్ 2023 నుంచి ఉంది, అందులో కూడా కొత్త దారి వివరాలు ఎక్కించు.

---

కోనసీమ_నెట్ · ఆదివారం, మధ్యాహ్నం 12:45

8 పాతించాం బాబాయ్ గారూ. వంతెన మలుపు దగ్గర ఇంకో 3 మిగిలాయి, రాళ్లు రేపు వస్తాయి. యాప్ సంగతి ఈ సాయంత్రం చూస్తాను.